థాయ్ సలాడ్‌లో తలకాయ

మామగారికి చేపల పులుసు పెట్టి మెప్పించడం తన తరం కాదని గోపి పొద్దున్నే తేల్చుకున్నాడు. దేవిని ప్రేమించి పెళ్లి చేసుకున్నప్పటి నుంచి ఆమె తండ్రి గంగులు వాళ్ల గుమ్మం తొక్కలేదు. ఆయన కళింగపట్నం దగ్గర సముద్రంలో వేట చేసే మనిషి. గోపివాళ్లది ఆమదాలవలస పక్కన వరి పండించే ఇల్లు. ఆ గంగులు ఈ రాత్రి శ్రీకాకుళంలోని వీళ్ల అద్దె ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. ఈ పూట చెడితే ఇక జన్మలో రాడు. దేవికి ఆస్పత్రిలో డ్యూటీ కాబట్టి వంట గోపిదే. ఆయన ఎన్నడూ తిననిదైతే వంక పెట్టడానికి వీలుండదని, ఫోన్లో చూసి థాయ్ చేపల సలాడ్ ఖాయం చేశాడు.

కోనాం చేప కొని, కాల్చి, ముళ్లు తీసి, మామిడికాయ తురుము, ఉల్లిపాయ, పుదీనా, వేయించిన వేరుసెనగపప్పు కలిపి నిమ్మకాయ పిండాడు. రుచి చూసుకుని మురిసిపోతుండగా దేవి ఫోన్ చేసింది.

"తలకాయ జాగర్తగా ఉంచినావా?"

"సలాడ్‌లో తలకాయెందుకు? పక్కింటి కూర్మయ్యగారికిచ్చీసినాను."

"ఓలమ్మో! మా ఇళ్లల్లో పెద్దోలికి తలకాయే పెట్టాల. పెట్టనేదని మా పెదనాన్నింట్లో ఇస్తరాకు ముందునుంచి లెగిసిపోనాడు నాన్న. మల్లీ ఆ గడప తొక్కినాడా?"

గోపికి పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కింటికి పరిగెత్తాడు. తలకాయ అప్పటికే పులుసులో ఉడుకుతోంది.

"ఇచ్చిందాన్ని మల్లీ అడుగుతారేటి బాబూ?" అన్నాడు కూర్మయ్య గరిటె వదలకుండా. చివరికి ఇచ్చాడు గానీ, తలకాయ వెంట తనూ భోజనానికి బయల్దేరాడు.

గోపి దాన్ని కుళాయి కింద కడిగాడు. పులుసు ఎరుపు వదల్లేదు. అది కనబడకుండా మంటమీద కాల్చబోతే ఒక చెంప మాడింది. మాడిన వైపు కిందకి పెట్టి సలాడ్ మధ్యలో సర్దుతుండగా గంగులు వచ్చేశాడు, వెనకే దేవి.

ఆయన కంచం ముందు కూర్చుని ఒక్కసారి వాసన చూశాడు. "అల్లుడూ, సేప కాల్సినావు. తలకాయకి మాత్తరం పులుసు వాసనొస్తందేటి?"

గోపి అబద్ధమాడదామంటే కూర్మయ్య ఎదురుగానే ఉన్నాడు. థాయ్ సంగతితో సహా ఉన్నదంతా చెప్పేశాడు. గంగులు తలకాయ తీసి పక్కన పెట్టాడు. ఇక లేచిపోతాడని దేవికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన సలాడ్ ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"వేటకెల్తే పడవమీద మేం తినీదిదే కదరా! కాల్సిన సేప, మావిడికాయ, ఉల్లిపాయ. దీనికి థాయో గీయో పేరొకటా?" అంటూ తలకాయ గోపి కంచంలో వేశాడు. "ఇది నువ్వు తిను. మా పడవలో వండీవోడు మానీసినాడు. తెల్లారగట్ల నాతో వేటకొచ్చీ."

దేవి ఏడుస్తూనే నవ్వింది. కూర్మయ్య మాత్రం తలకాయ వైపే చూస్తున్నాడు.

గోపికి ఈత వచ్చో రాదో ఎవరూ అడగలేదు.