వెన్నెల ప్రో, వెన్నెల లైట్

మా ఆవిడ సుమలత ఫోను ఎరుపును ఎరుపుగా చూపించడం మానేసింది. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఆమెది ధర్మవరం. పుట్టింటివాళ్ల మగ్గాల నుంచి పట్టుచీరలు తెప్పించి, ఫోటోలు తీసి, పెనుకొండలో మా ఇంట్లో కూర్చునే ఫోనులో అమ్ముతుంది. నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టరును. పేరు నరసింహులు. ఒళ్లు తరగతిలో, మనసు కిటికీ బయట ఉంటుందని పిల్లలు నాకు ‘మబ్బుల మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆ పేరు స్టాఫ్ రూము దాటి, కూరగాయల అంగడి దాటి, మా ఇంటికి కూడా వచ్చేసింది.

ఒక రోజు అగళి నుంచి ఒక చీర తిరిగొచ్చింది. ఫోటోలో కుంకుమ రంగు, చేతికందాక ఉల్లిపొట్టు రంగు. కొన్నావిడ సగం కన్నడంలో, సగం తెలుగులో తిట్టింది. సుమలతకు రెండు భాషలూ బాగా వచ్చు కాబట్టి ఒక్క తిట్టూ వృథా కాలేదు.

“ఏమప్పా, ఈ ఫోను ఇంగ పనికిరాదు. నీది గూడా పాతబడింది. నేను దుడ్లు ఇస్తా, హిందూపురం పోయి రెండు పట్టుకొచ్చేయి. మరీ పెద్దవీ వద్దు, మరీ చిన్నవీ వద్దు. మధ్యరకం. రెండూ ఒగే మాదిరివి ఉండల్ల,” అంది.

“ఒగే మాదిరివే,” అన్నాను. అప్పటికే నేను మబ్బులెక్కేశాను.

ఎందుకంటే నాకొక కల ఉంది. పున్నమి సాయంత్రం మా మిద్దె మీద నిలబడితే, వెలుగు ఇంకా పూర్తిగా పోకముందే చందమామ లేస్తాడు. ఎప్పుడు ఫోటో తీసినా ఆకాశానికి సున్నం బొట్టు పెట్టినట్టే వస్తుంది. నాకు ఆయన మచ్చలు కావాలి, గుంటలు కావాలి. ‘వెన్నెల’ కంపెనీవాళ్ల కొత్త ఫోను అవన్నీ దగ్గరికి లాగి చూపిస్తుందట. నెల రోజులుగా అదే ధ్యాస.

హిందూపురం బస్సులో కిటికీ పక్కన కునుకు పట్టింది. కలలో వేరుశనగ చేలల్లో ఫోన్లు మొలిచాయి. ఒక్కొక్క తెరలో ఒక్కొక్క చందమామ. నేను చెప్పులు విడిచి మెల్లగా నడుస్తున్నాను, ఏదీ తొక్కకుండా. కండక్టరు లేపకపోతే ఆ చేలోనే కాపురం పెట్టేవాణ్ని.

ఫోన్ల అంగడి గణేష్‌ను ఊళ్లో ‘ఆఫర్ల గణేష్’ అంటారు. వెన్నెల ఫోన్లు వరసగా బల్ల మీద పేర్చాడు. వెన్నెల, వెన్నెల ప్లస్, వెన్నెల ప్రైమ్, వెన్నెల ఎస్, ఎస్ ప్లస్, టి, టి లైట్, లైట్, ప్రో, ప్రో ప్లస్. పిలుస్తుంటే పెద్ద తరగతికి హాజరు వేస్తున్నట్టుంది.

“ఇన్ని రకాలేల అబ్బా? మంచిది ఒగటి చేసి అమ్మకూడదా?”

“ఒగటే ఉంటే మీరు ఒగ నిమిషంలో కొనేసి పోతారు సార్. ఇన్నుంటేనే గదా ఈడ కూసొని నాతో టీ తాగేది!”

రెండో టీకి నాకు ఉపాయం తట్టింది. ఆమె ఇచ్చిన దానికి రెండు ప్రోలు రావు. కానీ ఒక ప్రో, ఒక లైట్ చక్కగా వస్తాయి. పైనున్నదీ కిందున్నదీ కలిపి సగటు తీస్తే మధ్యరకమే కదా! పైగా రెండూ చూపుకు ఒకటే: ఒకే నీలం, ఒకే పొడుగు. వీపు మీద అడుగున చీమతలంత అక్షరాల్లో పేరొక్కటే తేడా. దానికీ మందు ఉంది. ప్రోకు నల్ల పౌచ్, లైట్‌కు ఎర్ర పౌచ్ తొడిగించాను. అట్టడబ్బాలు అంగట్లోనే వదిలేశాను.

ఇంటికొచ్చి ఎర్రది ఆమె ముందు పెట్టాను.

“రెండూ ఒగటేనా?”

“కవల పిల్లలు.”

“డబ్బాలు యాడ?”

“బరువని వదిలేసినా.”

“ఫోన్లు మోసుకొచ్చినోనికి అట్ట బరువైందా?”

“అన్నిటికీ అనుమానమేనా? లైట్ తీసుకో సుమా!”

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె నా వంక ఒక క్షణం చూసింది. రెండు ఫోన్లూ చెరో అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పట్టు నిమిరినట్టు నిమిరింది. “బాగుండాయి. నువ్వు పోయి స్నానం చేసిరా,” అంది. నా గుండె మీది బరువు దిగింది. స్నానం చేసి వచ్చేసరికి సిమ్ములు కూడా వేసి పెట్టింది. నల్లది నాకు, ఎర్రది ఆమెకు.

తప్పు చేసినవాడికి ధర్మం చెప్పాలనిపిస్తుంది. అన్నం తింటూ మొదలెట్టాను.

“ఈ కంపెనీలోళ్లు ఇన్ని రకాలు చేయకూడదు సుమా. అంతా జనాన్ని మోసం చేసేకే.”

“నా కాడ ఎన్ని రకాల చీరలుండాయి?”

“లెక్కలేనన్ని.”

“అయితే నేనూ మోసమే చేస్తాండానా? ముదిగుబ్బ కాడ గొర్రెలు మేపుకునే వెంకటక్క బిడ్డ పెండ్లికి చీర అడిగింది. జరీ తక్కువుండేది చూపించినా. అదీ పట్టే. నేను ఖరీదైనవే పెట్టుకొని కూసుంటే ఆయమ్మ బిడ్డ పట్టు కట్టేదెప్పుడు? రకాలుండేది తప్పు గాదప్పా. ఒగటి చెప్పి ఇంగొగటి చేతిలో పెట్టేది తప్పు.”

నాకు పొలమారింది. ఆమే నీళ్లిచ్చింది.

పున్నమి వచ్చింది. మిద్దె ఎక్కాను. తూర్పున చందమామ కొలిమిలోంచి తీసినట్టు మెల్లగా పైకొచ్చాడు. గాలి ఆగింది. కొండ మీద కోటగోడ లేతగా మెరిసింది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను. తెరలో సున్నం బొట్టు!

చేయి వణికిందనుకుని ఫోనును నీళ్ల ట్యాంకుకు ఆనించాను. సున్నం బొట్టు. ఊరగాయ జాడీ మీద నిలబెట్టాను. ఈసారి బొట్టు పక్కన జాడీ మూత కూడా వచ్చింది. చివరికి ట్యాంకు మీదికెక్కి, ఆకాశంకేసి చేతులు చాచాను.

“ఏం మాస్టారూ, సిగ్నల్ అందలేదా?” అన్నాడు పక్క మిద్దె హనుమంతప్ప.

ఇంతలో కింద సుమలత వ్యాపారం వెలిగిపోతోంది. ఎర్ర పౌచ్ ఫోను కుంకుమను కుంకుమగా, నెమలికంఠాన్ని నెమలికంఠంగా చూపిస్తోంది. బుక్కపట్నం నుంచి ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్లు చీరలు తీసుకున్నారు. అగళి ఆవిడ కూడా మళ్లీ కొని, ఈసారి రెండు భాషల్లోనూ మెచ్చుకుంది.

నాకు కడుపు మండింది. లైట్ అంత బాగా తీస్తుంటే ప్రోకు ఏం రోగం?

“సుమా, నా ఫోను నువ్వు తీసుకో. నీది నాకియ్యి,” అన్నాను త్యాగం చేస్తున్నట్టు.

“ఏల? కవల పిల్లలే గదా?”

నల్ల ఫోను మళ్లీ జేబులో వేసుకున్నాను.

ఆదివారం హిందూపురం బయల్దేరాను. చీర ఫాల్స్ కొనాలని ఆమె కూడా వచ్చింది. ఆమె ఆ అంగట్లోకి పోగానే నేను గణేష్ మీదికి పోయాను.

“ఏమబ్బా, ఇదేం ప్రో? చందమామ రాడు, చుక్క రాదు! మా ఇంటామె లైట్ దీనికన్నా వెయ్యి రెట్లు మేలు! ఇన్ని పేర్లు పెట్టి లోపలంతా డొల్ల!”

అంగట్లో ఉన్నవాళ్లంతా నా చుట్టూ మూగారు. గణేష్ తొణకలేదు. ఫోను తీసుకుని నల్ల పౌచ్ ఊడదీసి, వీపు నా కళ్ల ముందు పెట్టాడు.

చీమతలంత అక్షరాలు. లైట్.

“ప్రో యాడికి పోయింది?” అన్నాను.

“ఈడ ఉండాది,” అంది వెనకనుంచి సుమలత. ఫాల్స్ కొన్న సంచీలోంచి ఎర్ర పౌచ్ తీసి చూపించింది. “పోగు పట్టుకొని పట్టేదో కానిదేదో చెప్పేదాన్ని. రెండిటి బరువు తేడా తెలీదనుకుంటివా? నువ్వు స్నానానికి పోతానే పేర్లు చదివి పౌచ్‌లు మార్చినా.”

“కంపెనీ మీద కంప్లైంట్ రాయమంటారా సార్?” అని గణేష్ వినయంగా అడిగాడు. జనం నవ్వారు. నేను నేల మీద బొమ్మలేవో వెతుక్కున్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆమే తీసుకుంది. బయట గుట్టలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కరిగిపోతున్నాయి.

“అడిగింటే నీకు ప్రోనే కొనిచ్చేదాన్ని,” అంది. “ఒగరిది ఎక్కువ, ఒగరిది తక్కువ అని ఇంట్లో ఉండకూడదనే గదా మధ్యరకం చెప్పింది.”

అంగట్లో నవ్వినవాళ్లందరికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది. “తప్పయింది సుమా,” అన్నాను.

“అయితే శిక్ష ఉండాది,” అంది, కిటికీలోకి చూసి నవ్వు దాచుకుంటూ.

ఇప్పుడు రోజూ ఎండ మెత్తబడ్డాక మిద్దె మీద చీర విప్పి పట్టుకుని నిలబడేది నేనే. ఫోటో తీసేది ఆమె. మరుసటి పున్నమినాడు లేత పసుపు చీర. కొంగు గాలికి తేలి మబ్బులా నా మీద వాలింది. నా వెనక చందమామ లేస్తున్నాడని వీపుకు తెలుస్తోంది.

“తల తిప్పొద్దు! అంచు వంకర పోతాది.”

“ఆయన పడినాడా సుమా?”

“పడినాడు.”

“మచ్చలతో సహా?”

“మచ్చలు, గుంటలు, అన్నీ. చీర గూడా బంగారం మాదిరి పడింది. నీ తలే అడ్డమొస్తాండాది. రవంత వంగు.”

వంగాను.