జనగామ నుంచి మానుకోటకు, లారీలు లేని సైకిలు మార్గం

సైకిలు తొక్కేవారి క్షేమం కోసం మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన సాధనాలన్నింటిలోకీ ఉత్తమమైనది రాస్తారోకో! ఈ మాట ఆవేశంలో అంటున్నది కాదు. జనగామలో ముప్ఫై మూడేళ్లు భౌతికశాస్త్రం బోధించి, ప్రయోగం చేయనిదే ఏ సూత్రాన్నీ నమ్మవద్దని పిల్లలకు చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి. ప్రయోగం చేశాకే అంటున్నాను.

జనగామ నుంచి మహబూబాబాదుకు, అంటే మన మానుకోటకు, రైలు కాజీపేట మీదుగా చుట్టు తిరిగి వెళుతుంది. రోడ్డు మాత్రం పాలకుర్తి, తొర్రూరు, నెల్లికుదురు మీదుగా సూటిగా పోతుంది. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడో భుజం కంటే ఎక్కువని యూక్లిడ్ చెప్పి రెండు వేల ఏళ్లు దాటింది. ఆ మూడో భుజం మీద సైకిళ్లకు ఒక క్షేమమైన దారి ఏర్పరచాలని నా చిరకాల సంకల్పం. కావలసింది రోడ్డు అంచున నాలుగడుగుల పట్టీ. అంతే! గ్రాఫ్ పేపరు మీద గీసి, ఒక కార్యాలయంలో సమర్పించాను.

అక్కడి అధికారి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి మరీ కాదన్నారు. రోడ్ల లెక్కల్లో ఒక సైకిలు అర కారుతో సమానమట. ఎడ్లబండి మాత్రం ఎనిమిది కార్లట! అంటే పదహారుమంది చెమటోడ్చి తొక్కితే ఒక ఎడ్లబండి. ఇన్ని అర కార్ల కోసం రోడ్డు వెడల్పు చేయడం కుదరదని ఆయన సెలవిచ్చారు. గణితం ముందు నేనెప్పుడూ వాదించను. లేచి వచ్చేశాను.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. నేను అడిగింది నాలుగడుగులు. ఉద్యమం రోడ్డు మొత్తం ఇచ్చేసింది!

బస్సులు డిపోల్లో నిద్రపోయాయి. లారీలు ఎక్కడివక్కడ నిలిచాయి. అటు బొగ్గు కదలక భూపాలపల్లి వైపు టిప్పర్లూ ఆగాయి కనుక, అటు పోయే రేగొండ దారిని నా పథకంలో రెండో దశగా చేర్చుకున్నాను. తెలంగాణ రావాలా వద్దా అని నన్నడగకండి. అది నిరూపణ అవసరం లేని స్వయంసిద్ధ సత్యం. నా పరిశోధనాంశం వేరు. ఉద్యమం వల్ల సైకిలుకు కలిగే లాభమేమిటి?

అరవై ఒకటో ఏట, ఒక ఉదయం, జనగామలో సైకిలెక్కాను.

పాలకుర్తి దగ్గర రోడ్డుకడ్డంగా ముళ్లకంప, దాని వెనక యువకులు. ఒకడు నా హ్యాండిలు పట్టుకున్నాడు.

"సైకిలు గూడ బండే గద సార్. దిగుండ్రి."

ఇంధనాన్ని మండించేదే బండి అవుతుందనీ, ఈ సైకిలు మండించేది పొద్దున నేను తిన్న రెండు జొన్నరొట్టెలను మాత్రమేననీ వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"గట్లయితె మీరు నడిచి పోతున్నట్టే లెక్క. పోండ్రి. గని జై తెలంగాణ అని పోండ్రి."

అన్నాను, మనస్ఫూర్తిగా. ఈ మార్గంలో టోలు అదొక్కటే. ఏ జాతీయ రహదారిలో ఇంత చవక?

తొర్రూరులో నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. పొయ్యిలు, గుండిగలు, పొగ, పాటలు. విదేశాల్లో సైకిలు మార్గాల పక్కన మంచినీళ్ల కుళాయిలు పెడతారని మనవాళ్లు కథలుగా చెబుతారు. పులిహోర పెడతారా?

భోజనమయ్యాక రక్తపోటు మాత్రల కోసం మందుల దుకాణానికి వెళ్లాను. బంద్ నుంచి మందులకు మినహాయింపు ఉంది కదా! యజమాని రాజేశం నాకు పాత పరిచయం. కౌంటరులో పంతొమ్మిదేళ్ల అమ్మాయి మాత్రలు తీసి ఇస్తోంది. పేరు రజిత. నెల్లికుదురుకు ఇవతల, పది కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా నుంచి వస్తుంది. సమ్మెకు ముందు ఆ అమ్మాయి రోజూ ఆలస్యమేనట. తండా దగ్గర బస్సు ఆగదు. ఆటో పద్నాలుగు మంది నిండితే గాని కదలదు. ఇంకొకసారి ఆలస్యమైతే వేరే పిల్లను పెట్టుకుంటానని రాజేశం చెప్పేశాడు కూడా. సమ్మెలో ఆటోలూ ఆగడంతో ఇంట్లో ఉన్న సైకిలు తీసింది. ఆనాటినుంచి తొమ్మిది కొట్టకముందే దుకాణం ముందుంటోంది.

"బస్సులు బందయినంకనె ఈ పిల్ల టైముకు అస్తున్నది సార్. గిదేం సైన్సో మీరే చెప్పాలె," అన్నాడు రాజేశం.

ఇంతకంటే గొప్ప ఫలితం ఏ ప్రయోగశాలలో వస్తుంది?

సాయంత్రం నెల్లికుదురు వైపు సాగుతుండగా నా మార్గంలోకెల్లా ఉత్తమమైన భాగం ఎదురైంది. సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి, వాటి చుట్టూ బండరాళ్లు పేర్చారు. రాళ్లకూ రోడ్డు అంచుకూ మధ్య కచ్చితంగా నాలుగడుగులు! ప్రభుత్వం వేయలేని పట్టీని రైతు దమ్మిడీ ఖర్చు లేకుండా వేశాడు. ఆ రైతు రజిత తండ్రి లింగ్యా. మక్కలకు కాపలాగా గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. ఇంటికి పోతున్న రజితా అక్కడే సైకిలు దిగింది. నా పథకాన్ని ఇద్దరికీ వివరించాను.

లింగ్యా నవ్వాడు. "ఇప్పుడైతె రోడ్డు మీద కుక్క సుత లేదు సార్, అందుకె పోనిస్తున్న. నిరుడు సైకిలు మీద పోతున్న మా తమ్ముడు హన్మంతును లారీ గుద్దింది. ఇప్పటికి కాలు ఈడుస్తడు. బస్సులు నడిచిన రోజు సైకిలుకు తాళమేస్త."

తండ్రీకూతుళ్లు తమ లంబాడీ భాషలో చాలాసేపు వాదించుకున్నారు. నాకు అర్థమైన మాటలు రెండే: 'లారీ', 'మెడికల్'. ఎవరు గెలిచారో అడగలేదు. మర్నాటికి మానుకోట చేరాను. ప్రమాదాలు: సున్నా. మోకాలి నొప్పిని లెక్కలోకి తీసుకోలేదు.

దాదాపు నెల తర్వాత బస్సులు నడిచాయి. లోకమంతా ఊపిరి పీల్చుకుంది. లారీలు నెలరోజుల బాకీని ఒక్క వారంలో తీర్చుకోవాలన్నట్టు పరుగెత్తాయి. మొక్కజొన్నలు మార్కెట్టుకు పోయాయి, వాటితోపాటే నా నాలుగడుగులూ పోయాయి. శాస్త్రీయ నిష్పాక్షికత కోసం ఈసారి తొర్రూరుకు బస్సులో వెళ్లాను.

దుకాణంలో రాజేశం ఒక్కడే ఉన్నాడు. పది కావస్తుండగా రజిత ఆటో దిగి, ఎవరివైపూ చూడకుండా కౌంటరు వెనక్కి నడిచింది. సైకిలుకు తాళం పడిందన్నమాట. రాజేశం కోప్పడలేదు. నెలాఖరు దాకా చూస్తానని నెమ్మదిగా అన్నాడు. ఆ నెమ్మదికే నాకు భయమేసింది. రాష్ట్రమంతా ఆగినప్పుడు కొలువుకు వేళకు చేరిన పిల్ల, అంతా సజావుగా నడుస్తున్నప్పుడు చేరలేకపోతోంది! దీన్ని ఏ యూనిట్లలో కొలవాలో రోడ్ల లెక్కల పుస్తకంలో ఉందా?

మాత్రల పొట్లం నా చేతిలో పెడుతూ, యజమానికి వినబడకుండా అడిగింది.

"సార్, మళ్ల బంద్ ఎప్పుడు పెడతరు?"

తెలియనిదాన్ని తెలియదని చెప్పడం సైన్సు నేర్పే మొదటి మర్యాద. చెప్పాను. అప్పుడే దుకాణం ముందు నుంచి కంకర లారీ పోవడంతో ఆమెకు వినబడలేదు. రెండోసారి చెప్పవలసి వచ్చింది.