మూయకూడని కిటికీ

నా రాత చదివి ఒక మనిషి గుర్రమెక్కి నన్ను తన్నడానికి వచ్చాడంటే, రచయితగా నేనెంత ఎదిగానో మీరే ఊహించుకోండి. కాకపోతే ఆ రాతలో తప్పు నాది కాదు. సాఫ్ట్‌వేరుది.

మా సారీబులాక్ ఊరి కోక్‌బోరు ఆటల మీద నేను బ్లాగు రాస్తాను. గుర్రాల మీద రెండు జట్లు మేకపోతు కళేబరం కోసం కలబడి, దాన్ని ఎదుటివాళ్ళ మట్టి గోలెంలో పడేయాలి. మా ఊరి కుర్రాళ్ళు సగం మంది దూరదేశాల్లో ఇళ్ళు కడుతున్నారు. మేస్త్రీ కంటపడకుండా ఇటుకల చాటున ఫోను తెరిచి, ఊళ్ళో ఎవరు గెలిచారో నా బ్లాగులోనే చూసుకుంటారు. అందుకే ఆ బ్లాగంటే నాకు ప్రాణం.

ఒక గురువారం పొద్దున్నే తెరిచేసరికి, నేను రాసుకునే చోటు మొత్తం మారిపోయి ఉంది. ఏళ్ళ తరబడి పైన వరసగా మాటలుండేవి. దాచు, బొమ్మ పెట్టు, ప్రచురించు. ఇప్పుడు మాటలన్నీ పోయి గుర్తులొచ్చాయి. ఒక కూడిక గుర్తు, ఒక పళ్ళ చక్రం, మూడు చుక్కలు. ఎంటర్ కొడితే పేరా మారడం మానేసి, పేరా చుట్టూ ఒక డబ్బా పుట్టుకొచ్చింది. దానికి వేలు తగిలితే చాలు, ఎగిరి పక్క డబ్బా నెత్తినెక్కి కూర్చుంటుంది.

ఆవేళ రెండు ఫొటోలు పెట్టాను. ఒకటి మా జట్టు నాయకుడు కిదిరాలీది. రెండోది ఆ రోజు ఆటలో వాడిన మేకపోతుది. డబ్బాలు ఎప్పుడు ఎగిరాయో, ఎటు ఎగిరాయో నాకు తెలియదు. మేకపోతు బొమ్మ కింద "సారీబులాక్ గర్వకారణం, ఆడపిల్లల కలల రాకుమారుడు" అని పడింది. కిదిరాలీ బొమ్మ కింద "తలా కాళ్ళూ తీసేసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి తెచ్చారు, అందుకే మంచి బరువుంది" అని పడింది.

మధ్యాహ్నానికల్లా కిదిరాలీ గుర్రం మా కిటికీలోకి తల దూర్చింది.

"ఎసెన్‌కుల్ అన్నా! బయటికి రా! నా తల తీసినవాడెవడో నాకు చూడాలనుంది!"

నేను బల్ల కింద ఏదో వెతుక్కుంటున్నాను. ఏం వెతుకుతున్నానో ఇప్పుడు గుర్తులేదు. మా ఆవిడ బురుల్చా వేడి రొట్టె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది. రొట్టె తుంచిన ఇంటి మీద చెయ్యెత్తడం మాలో లేదు.

"చూడు వదినా, నాకు రావలసిన మెచ్చుకోళ్ళన్నీ మేకకి పోయాయి" అన్నాడు కిదిరాలీ రొట్టె నములుతూ.

"మేక ఏమీ పొంగిపోలేదులే నాయనా, తిను."

అతను వెళ్ళాక నేను బల్ల కింది నుంచి లేచి ప్రతిజ్ఞ చేశాను. "బైబిచే!" అన్నాను. ఇంటి ఇల్లాలిని మేం గౌరవంగా అలాగే పిలుస్తాం, ముఖ్యంగా భయపడినప్పుడు. "ఇక ఆ కొత్తదాన్ని చచ్చినా ముట్టను. ముడితే మీసం తీయించుకుంటాను."

"మీసం ఏం చేసింది జిబెక్ నాన్నా, పాపం? తప్పు రాసింది వేళ్ళు కదా."

జిబెక్ మా అమ్మాయి. మాలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు కాబట్టి, నా పేరు మా ఆవిడ నోట ఇంతవరకు వినలేదు. తిట్లు మాత్రం విన్నాను.

అప్పుడు నాకు తళుక్కున ఒకటి గుర్తొచ్చింది. వసారాలో కుట్టుమిషను పక్కన ఉన్న పాత ల్యాప్‌టాప్‌ని నేను ఎప్పుడూ ఆపను. అందులో రాసుకునే కిటికీ, మార్పు రాకముందు తెరిచింది, అలాగే ఉండాలి. పరిగెత్తి చూశాను. ఉంది! దాచు, బొమ్మ పెట్టు, ప్రచురించు. మాటలన్నీ చక్కగా వరసలో నిలబడి ఉన్నాయి. తప్పిపోయిన గుర్రం తనంతట తనే ఇంటికొచ్చినంత సంతోషమేసింది.

"బైబిచే, ఈ కిటికీ మూయకూడదు. ల్యాప్‌టాప్ ఆపకూడదు. ఆపనంత కాలం పాత మొహం మనదే. ఎవరు గొప్పో ఆ కంపెనీవాళ్ళకి చూపిస్తాను."

"మరి నేను ఇస్త్రీ పెట్టె పెట్టుకోవద్దా?"

"వద్దు. ఫ్యూజు పోతుంది."

"పిండి కలిపే మిషను?"

"చేతులున్నాయిగా."

"మీకూ ఉన్నాయిగా. రండి."

ఆ రోజు నుంచి రొట్టెపిండి నేనే కలిపాను. పట్టుదల అంటే ఊరికే వస్తుందా.

మొదటిసారి అందులో రాసి 'ప్రచురించు' నొక్కితే ఒక సున్నా గిరగిరా తిరగడం మొదలెట్టింది. ఎంతకీ ఆగదు. విసుగొచ్చి వదిలేశాను. సాయంత్రం చూస్తే పోస్టు బ్లాగులో పడి ఉంది! కింద పాఠకుల వ్యాఖ్యలు. "అన్నా, మీ రాత ఈ మధ్య చిక్కబడింది" అని ఒకరు. "సోది తగ్గింది, సంతోషం" అని ఇంకొకరు. అంతా పాత కిటికీ మహిమ అనుకున్నాను. ఆ తర్వాత ప్రతిసారీ అలాగే జరిగింది. నేను నొక్కుతాను, సున్నా తిరుగుతుంది, సాయంత్రానికి పడుతుంది.

ఇంత గొప్ప విషయం కడుపులో దాచుకునే రకం కాదు నేను. సంతలో టీ కొట్టు దగ్గర, మా చుట్టుపక్కల బ్లాగులు రాసేవాళ్ళు తలలు పట్టుకుని కూర్చుని ఉంటే చెప్పేశాను. ఖుబానీ చెట్ల అంట్ల గురించి రాసే తోల్కున్‌బెక్, ఉన్ని తివాచీల గురించి రాసే సాల్తనత్ టీచరమ్మ, చోంగ్‌జార్ తెమిర్‌కాన్.

ఈ తెమిర్‌కాన్ గురించి చెప్పాలి. చోంగ్‌జార్ మా పక్క ఊరు, మా ఆగర్భ శత్రువు. అక్కడి కోక్‌బోరు గురించి రాసేది ఇతనే. వాళ్ళ ఊరు ఓడితే ఎదురుగాలి వీచిందని రాస్తాడు. గెలిస్తే గాలి ఊసే ఎత్తడు. మా ఇద్దరిలో ఎవరు ముందు పోస్టు పెడితే దూరాన ఉన్నవాళ్ళకి అదే నిజం. రెండోవాడు ఎంత మొత్తుకున్నా, ఓడినవాడి ఏడుపు కింద జమ అవుతుంది.

"అన్నా, మీ కిటికీలో మమ్మల్ని కూడా రాసుకోనివ్వండి" అన్నారు ముగ్గురూ. శత్రువు కూడా చెయ్యి చాపాడు కదా అని నా ఛాతీ ఉబ్బింది. సరే రండన్నాను.

వచ్చారు. వస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చినవాళ్ళని టీ ఇవ్వకుండా పంపితే ఊరంతా నవ్వుతుంది. టీతో రొట్టె, రొట్టెతో జామ్, జామ్‌తో నూనెలో వేయించిన బోర్సోక్‌లు. పిండి ఎవరు కలిపేవారో మీకు ముందే చెప్పాను.

అయితే ఒక వింత గమనించాను. వాళ్ళు నా కిటికీ ముందు కూర్చునేది కాసేపే, వంటింట్లో బురుల్చా దగ్గర కూర్చునేది పూటంతా. మాలో అతిథిని ఇంకాసేపు ఉండమనాలంటే గిన్నెలో టీ అడుగున కొంచెమే పోస్తారు. ఇక లేవండి అనాలంటే నిండా పోస్తారు. ఈవిడ వాళ్ళకి గుక్కెడు చొప్పున పోస్తోంది. లోపలి నుంచి ఒకటే నవ్వులు. నేను వెళ్ళగానే అందరూ బోర్సోక్ రుచి గురించి మాట్లాడేవారు. నేను కలిపిన పిండి కదా, మాట్లాడరా మరి, అనుకున్నాను.

ఇంతలో ఏడాదికంతటికీ పెద్ద ఆట వచ్చింది. సారీబులాక్, చోంగ్‌జార్ తలపడే ఆఖరి ఆట. ఈసారి ముందు పోస్టు నాదే కావాలి. అటు తెమిర్‌కాన్ గాలినో వాననో అడ్డం పెట్టి అబద్ధాలు రాసేలోపు, మా కుర్రాళ్ళకి నిజం చేరాలి.

ఆట చివరి దాకా సమానంగా సాగింది. ఆఖరి క్షణంలో కిదిరాలీ మేకపోతును తొడ కింద ఇరికించుకుని, గుర్రాన్ని గోలెం మీదికి ఉరికించి విసిరాడు. వెనక సగం లోపల పడింది. ముందు సగం అంచు మీద ఊగింది. పెద్దమనుషులు గడ్డాలు నిమురుకుని, ఒకరి మొహాలొకరు చూసుకుని, పడినట్టే అన్నారు. మేం గెలిచాం! నేను ఎవరెవరినో కౌగిలించుకున్నాను. రెండు గుర్రాలని కూడా కౌగిలించుకున్నట్టున్నాను. ఆ తర్వాతే పోస్టు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. ల్యాప్‌టాప్ కీచు కీచుమని ప్రాణం వదలడానికి సిద్ధంగా ఉంది. నేను జంకలేదు. కారు బ్యాటరీ విప్పుకొచ్చి, మా బావమరిది దగ్గర తెచ్చిన ఇన్వర్టర్‌కి తీగలు కలిపాను. ఎర్రది నల్లదానికి, నల్లది ఎర్రదానికి. టప్‌మంది. కాస్త పొగ వచ్చింది. తెర నల్లబడింది. దాచు పోయింది, బొమ్మ పెట్టు పోయింది, ప్రచురించు పోయింది.

నిజం చెబుతున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్కడో ఇటుకల చాటున కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నేనేమో కాలిన తీగ పట్టుకుని నేల మీద కూర్చున్నాను. పోనీ కారేసుకుని ఎవరింటికైనా పోదామా అంటే, దాని బ్యాటరీ నా ఒళ్ళోనే ఉంది.

అప్పుడు వంటింట్లోంచి ఒక మగ గొంతు వినిపించింది.

"వదినా, బొమ్మ ఎక్కించాలి. మింగుడు తాతని నొక్కనా?"

"అయ్యో, ఆయన్ని ముట్టుకోకు, మొత్తం మింగేస్తాడు! నాలుగు చేతులాయన్ని నొక్కు!"

వెళ్ళి చూస్తే, తెమిర్‌కాన్! బూట్లు విప్పి, మా బల్ల దగ్గర కాళ్ళు మడుచుకుని, ఫోన్లో పోస్టు రాస్తున్నాడు.

"నా ఇంట్లో, నా రొట్టె తింటూ, నా మీదే రాస్తున్నావురా?"

"రొట్టె తుంచాను అన్నా. చెయ్యెత్తకూడదు" అన్నాడు, రొట్టె ముక్క పైకెత్తి చూపిస్తూ.

"బైబిచే! ఎవరీ మింగుడు తాత? ఏమిటిదంతా?"

బురుల్చా తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అందులో ఆ కొత్త మొహం. "కొత్త కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు కదా. నేను మీ ఇంటికి వచ్చినప్పుడు ఇంటి నిండా మనుషులే, ఒక్కరి పేరూ నోటితో అనడానికి లేదు. అందరికీ నేనే పేర్లు పెట్టుకుని కాపురం నెట్టుకొచ్చాను. ఈ పేరులేని గుర్తులు నాకొక లెక్కా? ఈ చెత్తబుట్ట, ఏదిచ్చినా మింగేసే మీ తాతగారు. ఈ మూడు చుక్కలు మీ ముగ్గురు అక్కలు, ఇంట్లో కనిపించని వస్తువేదైనా వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ పళ్ళ చక్రం మీ పిన్నిగారు, తను తిరుగుతూ అందరినీ తిప్పుతుంది."

"అయితే ఈ కూడిక గుర్తు, నాలుగు చేతులాయన, మా పెద్దన్నయ్యా?" అన్నాను నీరసంగా. విందులో మా పెద్దన్నయ్య పక్కన కూర్చుంటే మాంసం మనదాకా రాదు.

"మరే. జిల్లాలో బ్లాగరులందరికీ మీ చుట్టాలంతా కంఠతా వచ్చు."

"నా కిటికీ ఉండగా వీళ్ళకిదంతా దేనికి?"

బురుల్చా, తెమిర్‌కాన్ ఒకరినొకరు చూసుకున్నారు. బురుల్చాయే నోరు విప్పింది. "మీ కిటికీలో రాసింది లోపల దాగేది, అంతే. బయటికి పోయేది కాదు. ఆ సున్నా ఇప్పటికీ తిరుగుతూనే ఉండేది. రోజూ నేనే ఫోన్లోంచి బయటికి పంపేదాన్ని. పంపేముందు కాస్త సోది తీసేసేదాన్ని."

మెచ్చుకున్నవాళ్ళందరి పేర్లూ గుర్తొచ్చాయి. అయినా యుద్ధంలో కన్నీళ్ళకి చోటు లేదు. "అదంతా తర్వాత. ముందు వీడికంటే ముందు నా పోస్టు పడాలి. ఏ చెయ్యి నొక్కాలో చెప్పు!"

"ఎప్పుడో పడింది. మీరొక్కరే ఆటకి వెళ్ళారనుకున్నారా? మీరు గుర్రాలని కౌగిలించుకుంటుంటే నేను కంచె దగ్గర నిలబడి రాసేశాను."

తెమిర్‌కాన్ చేతిలో రొట్టె జారింది. ఇద్దరం ఒకే ఫోను మీదికి వంగాం. ఉన్నదున్నట్టు రాసింది. మేక సగం లోపల, సగం అంచు మీద. పెద్దమనుషులు పడిందన్నారు. చోంగ్‌జార్ ఒప్పుకోలేదు, అయినా చేతులు కలిపింది. గాలి లేదు. కింద వ్యాఖ్యలు వరదలా వస్తున్నాయి. మా ఊరి కుర్రాడొకడు రాశాడు, "నేను పదో అంతస్తు మీదున్నాను, ఆ మేక అంచు మీద ఊగుతుంటే నేనూ ఊగాను." చోంగ్‌జార్ కుర్రాడొకడు రాశాడు, "మొదటిసారి అసలేం జరిగిందో తెలిసింది." మేమిద్దరం తల ఎత్తలేదు.

అప్పుడు ఆఖరి వాక్యం కనిపించింది. "గెలుపు సంబరంలో బ్లాగు రాసే ఆయన కంచె మీంచి పేడలో పడ్డారు, దెబ్బేమీ తగలలేదు."

"ఈ వాక్యం ఉండటానికి వీల్లేదు! ఇలా తే, నేనే తీస్తాను."

"మీసం?" అంది బురుల్చా.

వినిపించుకోలేదు. ప్రతిజ్ఞ గంగలో... మా ఊళ్ళో గంగ లేదు, సరస్సులో కలిపేశాను. ఆ వాక్యం మీద వేలు పెట్టి తాతగారిని నొక్కాను. తాతగారు ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకోలేదు. ఆ డబ్బా మొత్తం మింగాడు. గోలు కూడా ఆ డబ్బాలోనే ఉంది. చదివితే ఇప్పుడు మేం గెలవలేదు!

"అయ్యో, గోలు పోయింది! కుర్రాళ్ళు చదువుతుంటారు! వెనక్కి ఎలా తెప్పించాలి?"

"పైన వెనక్కి వంగిన బాణం ఉంది. అది నొక్కండి" అంది బురుల్చా, తలగుడ్డ సర్దుకుంటూ.

"దీనికేం పేరు పెట్టావు?"

ఆవిడ టీ పాత్ర అందుకుని అటు తిరిగింది. తెమిర్‌కాన్ టీ గిన్నెలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "అన్నా, దాన్ని మేం... వదినగారి ఆయన అంటాం."

నొక్కాను. గోలూ తిరిగొచ్చింది, పేడా తిరిగొచ్చింది.