పరిస్థితులలో గణనీయమైన మార్పు

కడపలో బండల వ్యాపారం చేసే వీరభద్ర ఒక తండ్రి అని కుటుంబ న్యాయస్థానం లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది. విడాకుల నాటి ఆ ఉత్తర్వు ప్రకారం ఆయన రెండో శనివారం, నాలుగో శనివారం, వాటి వెనక వచ్చే ఆదివారాలు తండ్రి. తక్కిన రోజుల్లో బండల వ్యాపారి మాత్రమే. కూతురు పవిత్ర కర్నూలులో తల్లి రమణి దగ్గర పెరుగుతోంది. అవతలి వారి ఊళ్ళో అడుగు పెట్టేది లేదని ఇద్దరూ భీష్మించుకోవడంతో, బిడ్డను అప్పగించుకునే స్థలంగా దారి మధ్యలోని ఆళ్ళగడ్డ బస్టాండు ఖరారైంది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక శనివారం పవిత్ర బస్సు దిగి, నిద్రమత్తులో తండ్రిని చూసి, "గుడ్ మార్నింగ్ సార్" అంది. పిల్ల తప్పేమీ లేదు. అబాకస్, చదరంగం, చేతిరాత, చిత్రలేఖనం క్లాసుల మధ్య తిరిగే ఆ బిడ్డకు పొద్దున్నించి ఎదురుపడే మగవాళ్ళంతా సార్లే. కానీ వీరభద్రకు ఆ పిలుపు మింగుడుపడలేదు. సోమవారం పొద్దున్నే కస్టడీ ఉత్తర్వు మార్పించాలని వకీలు సోమశేఖర్ దగ్గరికి పోయి, కూతురంటే తనకు ప్రాణమని చెప్పుకున్నాడు.

"ప్రాణం సంగతి మొదటి కేసులోనే రాసినాం కదప్పా. మళ్ళీ అదే రాస్తే కొట్టేస్తారు. పరిస్థితుల్లో గణనీయమైన మార్పు వచ్చిందని చూపీయాల," అన్నాడు వకీలు.

వీరభద్ర ఇంటికొచ్చి వెతికాడు. ఏ మార్పూ కనపడలేదు. కాబట్టి చట్టాన్ని గౌరవించే పౌరుడిగా మార్పు తేవడానికి పూనుకున్నాడు. పడమటి గదికి గులాబీ రంగు వేయించాడు. ఏసీ, చదువుకునే బల్ల, చేపల తొట్టి వచ్చాయి. బండల వర్తకుల సంఘం అధ్యక్షుడు కంబన్న రిబ్బను కత్తిరించి, "ఈ గది ఒక్క పవిత్రది కాదు, యావత్తు వర్తక లోకానిది," అని ఉద్వేగంగా ప్రసంగించాడు. ఆయన మాట వృథా పోలేదు. మర్నాటి నుంచి సంఘ సభ్యులు మధ్యాహ్నం కునుకు ఆ గదిలోనే తీస్తున్నారు.

ఆడపిల్లకు జడ వేయడం కూడా గణనీయమైన మార్పేనని వకీలు సెలవిచ్చాడు. ఎదురింటి మద్దమ్మ జాలిపడి, నేర్చుకోవడానికి తన తలనే అప్పగించింది. డెబ్బై దాటిన ఆవిడ కొన్నాళ్ళపాటు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లతో వీధిలో తిరిగింది. ఎవరూ నవ్వలేదు, కేసు కోర్టులో ఉంది గనుక. ఆ జడల ఫొటోలు, గులాబీ గదిలో పవిత్రను కూర్చోబెట్టి తీసిన ఫొటోలు పిటిషనుకు జతపరిచారు.

రమణి చేతులు కట్టుకుని కూర్చోలేదు. బిడ్డ సంక్షేమం తన దగ్గర పొంగి పొర్లుతోందని కౌంటరు వేసి, రుజువు కోసం ఈత, వయొలిన్, వ్యక్తిత్వ వికాసం క్లాసులు కొత్తగా కలిపింది. పవిత్ర రాత్రి భోజనం ఆటోలోకి మారింది. అది సమయపాలనకు నిదర్శనమని కౌంటరులో రాశారు.

ఎదుటి పక్షంతో మాట్లాడొద్దని వకీళ్ళు ఇద్దరినీ హెచ్చరించారు. అందువల్ల ఆళ్ళగడ్డలో బస్సు ఆలస్యమైనప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద చెరొక పక్కన కూర్చుని, నడుమ ఉన్న పవిత్ర ద్వారా వ్యవహారం నడిపేవారు. నీళ్ళున్నాయేమో మీ నాయనను అడుగు అనేది రమణి. ఉండాయని చెప్పమ్మా అనేవాడు వీరభద్ర. మధ్యలో ఆ పిల్ల పడీ పడీ నవ్వేది.

విచారణ నాడు జడ్జిగారు అందరినీ బయటికి పంపి, పవిత్రను తన గదిలోకి పిలిపించారు. కాసేపటికి తల్లిదండ్రులిద్దరికీ, వాళ్ళ వకీళ్ళకూ పిలుపొచ్చింది.

"నాకు చెప్పింది మీ అమ్మానాన్నలకూ చెప్పమ్మా," అన్నారు జడ్జిగారు.

"నాకు ఆళ్ళగడ్డ బస్టాండులో ఉండాలని ఉండాది," అంది పవిత్ర. "కర్నూల్లో క్లాసులుంటాయి. కడపలో ఊరికే ఫొటోలు తీస్తాంటారు. ఆళ్ళగడ్డలో బస్సు రాదు. ముగ్గురం కూర్చోని ఉగ్గానీ బజ్జీ తింటాం."

వీరభద్రకు గులాబీ గది గుర్తొచ్చింది. అందులో కూతురు నవ్వగా చూసిన జ్ఞాపకం ఒక్కటీ రాలేదు. పక్కన రమణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సోమశేఖర్ మాత్రం కర్తవ్యం మరవకుండా, బస్టాండులో చదువుకునే బల్ల లేదని కోర్టు దృష్టికి తెచ్చాడు. వయొలిన్ కూడా లేదని రమణి వకీలు బలపరిచాడు. ఆ కేసులో ఇరుపక్షాలూ ఏకీభవించిన అంశం అదొక్కటే.

ఉత్తర్వు మారింది. బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. సెలవుల్లో సగం తండ్రివి. క్లాసుల్లో పిల్ల కోరుకున్న ఈత ఒక్కటే మిగిలింది. ఇకపోతే, రెండో, నాలుగో శనివారాల్లో మధ్యాహ్నం దాకా తల్లిదండ్రులిద్దరూ ఫోన్లు ఆపేసి, బిడ్డతో కలిసి ఆళ్ళగడ్డ బస్టాండులో ఏ పనీ లేకుండా కూర్చోవలెను. వకీళ్ళకు ప్రవేశం లేదు.

మొదటి శనివారమే వీరభద్ర బల్ల మీద కూర్చుని కూతురికి రెండు జడలు వేశాడు. రమణి చాలాసేపు చూసి, ఎడమది వదులైందని నేరుగా ఆయనతోనే అంది. ఆయన విప్పి మళ్ళీ అల్లాడు.

ఎదురు బల్ల మీద ప్రొద్దుటూరు బస్సు కోసం ఒక కుటుంబం కూర్చుని ఉంది. భర్త చేతిలో ఒక ఫోను, బిడ్డ చేతిలో ఒకటి. భార్య తన ఫోను పక్కన పెట్టి ఈ ముగ్గురినే చూసి చూసి, లేచి వచ్చి సంగతంతా కనుక్కుంది.

"ఇట్లాంటి ఆర్డరు మాక్కూడా ఇస్తారా అక్కా?" అని అడిగింది.

విడాకులు తీసుకున్నవాళ్ళకే ఇస్తారని రమణి మర్యాదగా చెప్పింది. అడిగినామె వెనక్కి తిరిగి తన భర్తను చూసింది. ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే, "ఏం కావాల్నో చెప్పు, ఇప్పుడే ఆర్డరు పెడతా," అన్నాడు.