సొంతదారుకు మాత్రమే

గరిడేపల్లి బడిపంతులు భిక్షపతి సారు సెకండ్ హ్యాండ్ కారు కొన్నారని బంధుమిత్రులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. మోకాళ్లు అరిగిన తల్లి సైదమ్మ నెలనెలా ఆటోలో కుదుపులు తింటూ మిర్యాలగూడ దవాఖానకు వెళ్లడం చూడలేక, సారు ఈ సాహసానికి ఒడిగట్టారు.

సూర్యాపేటలో పాత కార్లమ్మే సుధీర్ తాళాలు చేతికిస్తూ ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమన్నాడు. "కారుకు ఇంజనే గుండె సార్. గుండెకు భరోసా లేకుంటె మనిషికి నిద్రెట్ల పడ్తది?" అని ఉపన్యసించాడు. సారు చలించలేదు. పాత బండికి అది దండగ ఖర్చని భార్య సౌందర్య కళ్లతోనే తీర్మానించింది.

అంతలో కోదాడ నుంచి తోడల్లుడు చిరంజీవి ఫోను. "కారు కొన్నారంటగా అన్నయ్యా! ఆదివారం పెళ్లిచూపులకి ఓసారి పంపండి. డీజిల్ మేమే పోయించుకుంటాంలే."

మన వైపు కారున్నవాడు కాదంటే చుట్టరికం తెగినట్టే. సారుకు చెమటలు పట్టాయి.

"వేరేటోళ్లు ఎక్కొద్దని గీ వారంటీల ఏమన్న ఉంటదా?" అని సుధీర్‌ను మెల్లగా అడిగారు.

"మీరు ఉందంటె ఉన్నట్టే సార్. గది ఎవరు సదువుతరు?"

సారు అక్కడికక్కడే సంతకం చేశారు.

సొంతదారు తప్ప ఎవరు కూర్చున్నా వారంటీ రద్దు, కంపెనీ రూల్, తన చేతుల్లో ఏమీ లేదు అని ఆ రోజు నుంచి ఎంతో విచారంగా ప్రకటించారు. చుట్టాలు నమ్మారు. ఇంత ఘోరమైన షరతు పెట్టిందంటే చాలా పెద్ద కంపెనీయే అయి ఉంటుందని సారు మీద గౌరవం కూడా పెంచుకున్నారు.

దవాఖానకు వెళ్లే రోజు వచ్చింది. సైదమ్మ ఉతికిన చీర కట్టుకుని, మోకాలు పట్టుకుని కారు దాకా నడిచింది. వాడంతా గడపల్లో నిలబడి చూస్తోంది.

"అమ్మకైతే రూల్ లేదా సారూ?" అని పక్కింటి సురేష్ వినయంగా అడిగాడు.

తలుపు మీద సారు చెయ్యి ఆగిపోయింది. అమ్మ ఎక్కితే రూల్ పోతుంది. రూల్ పోతే కోదాడ నుంచి దామరచర్ల దాకా చుట్టాలందరూ ఎక్కుతారు.

"అమ్మా, జర ఆటో ఎక్కవే. నేను ఎన్కనే వస్త."

"ఎక్కుత తియ్ బిడ్డా. కంపెనోళ్లు నిన్నేమన్న అంటరు."

సారే చెయ్యి పట్టి తల్లిని ఆటో ఎక్కించారు. ముందు ఆటోలో తల్లి, వెనక ఏసీ కారులో ఒంటరిగా కొడుకు. గుంత వచ్చినప్పుడల్లా ఆటోలోంచి "అమ్మా" అని వినబడుతుంటే సారు అద్దాలు పూర్తిగా ఎక్కించుకున్నారు.

వాడలో ఒక్కరూ నవ్వలేదు. సాయంత్రానికి ఊళ్లో కార్లున్న పెద్దమనుషులంతా సారు వాకిట్లో చేరారు. నిరుడే కారు కొన్న సురేష్ అందరికంటే ముందున్నాడు.

"సారూ, గా వారంటీ యాడ ఇస్తరు? అత్తగారోళ్లకు గూడ వర్తిస్తదా?"