రొట్టె గెలిచినోడు

పుల్లన్నకు ఇంగ్లీషు వచ్చు. బడి అయ్యవారు శేషన్న పక్కన లేనంతసేపూ బాగానే వచ్చు.

ఆలూరు పక్క పల్లెలో అది వరసగా రెండో కరువు ఏడు. చేను బీడుపడింది, పుల్లన్న అరుగెక్కాడు. పెళ్ళాం హులిగెమ్మ సర్కారు కరువు పనికి పోయి, రోడ్డుకు రాళ్ళు మోసి, ఆ కూలితో ఇన్ని జొన్నలు తెచ్చేది. రోజుకు రెండే రొట్టెలు, చెరొకటి. పుల్లన్నకు ఒకటి ఏ మూలకూ చాలేది కాదు.

అంతలో బెల్లం చుట్టిన ఇంగ్లీషు పేపరు ముక్కలో అతనికో మాట దొరికింది.

"ఇంటి యజమానిని దొరలు ఏమంటారో తెలుసునా? బ్రెడ్‌విన్నర్. బ్రెడ్డంటే రొట్టె, విన్నరంటే గెలిచినోడు."

"ఎవరి మీద గెలిచినాడు?"

"ఇంట్లో ఉండేది ఇద్దరమే గదనే."

"అయితే నా మీదనే."

"గెలిచినోడికి ఒకటిన్నర. ఓడినోళ్ళకు సగం. నేను పెట్టిన రూలు గాదు, ఇంగ్లీసోళ్ళది."

హులిగెమ్మ అతన్ని ఎగాదిగా చూసి, సగం రొట్టె తీసుకుని మిగతాది అతని ముందుకు నెట్టింది. వాదించే ఓపిక రాళ్ళ దగ్గరే అయిపోయింది. పది రోజులు అట్లాగే నడిచింది. పుల్లన్న ఊరంతా తిరిగి తన బిరుదు చెప్పుకున్నాడు.

పదకొండో రోజు ఆమె మధ్యాహ్నానికే ఇంటికి వచ్చింది.

"ఏమే, అప్పుడే వచ్చినావు?"

"పొద్దున పనికి పోతా దోవలో బడికాడ నీ ఇంగ్లీసు మాట అయ్యవారిని అడిగినా. లావు పుస్తకం తీసి చూసినాడు. విన్ను అంటే ఇప్పుడు గెలవడమేనంట గానీ, శానా పాతకాలంలో ఒళ్ళు హూనం చేసుకుని పాటుపడడమంట. రొట్టె కోసం చెమటోడ్చేటోడే బ్రెడ్డువిన్నరంట."

పుల్లన్న గొంతు సవరించుకున్నాడు. "పాత అర్థాలు ఇప్పుడెవరికి కావాలే."

"కరువు పని మేస్త్రీకి కావాలంట. మా ఇంట్లో ఆ మనిషి నువ్వేనని చెప్పినా. నీ పేరు రాసుకున్నాడు. రేపు పొద్దున్నే గంప తీసుకుని పోవాల."

"నీ పేరు ఉండాది గదా?"

"కొట్టేసినాడు. నెత్తిన గంపతో పడిపోయినా. బలం లేనిదాన్ని పెట్టుకోనన్నాడు."

ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. మోచేతుల దగ్గర తోలు లేచిపోయి ఉంది. ఆమె తిన్న పది సగం రొట్టెలూ పుల్లన్నకు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పూట ఒకటిన్నర రొట్టె ఆమె ముందు పెట్టాడు. ఆమె సగం తుంచి అతని వైపు తోసింది.

"తిను. రేపు నువ్వు గూడా పడిపోతే, రాయించేదానికి ఈ ఇంట్లో ఇంకో పేరు లేదు."

పుల్లన్న తలెత్తకుండా తిన్నాడు. సిగ్గు వద్దన్నది గానీ, ఆకలే తినిపించింది.