కొండచిలువకు బ్లాక్ బెల్టు

ఒక పెద్ద అడవిలో కాళ్ళున్న ప్రతి జీవికీ తన్నడం వచ్చు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు. అందుకే మన అడవి ఇంత వెనకబడి ఉందని ఒకనాడు నక్క జంబుకరావు కనిపెట్టాడు.

జంబుకరావు ఊరి పొలిమేరలో ఒక బడి గోడ వెనక ఎంగిలాకుల కోసం తచ్చాడేవాడు. ఆ బడి ఆవరణలో పిల్లలు తెల్లబట్టలు వేసుకుని, నడుముకు రంగురంగుల బెల్టులు కట్టుకుని, ఒకరికొకరు వంగి నమస్కారం పెట్టుకుని మరీ తన్నుకోవడం చూశాడు. దాన్ని తైక్వాండో అంటారని తెలుసుకున్నాడు. ఒక్కో బెల్టు కోసం ఆ పిల్లలు ఏళ్ళ తరబడి చెమటోడ్చడం కూడా చూశాడు గానీ, అది అంత ముఖ్యం కాదనుకున్నాడు. అతనికి బెల్టులు నచ్చాయి.

వారం తిరక్కుండా అడవి తైక్వాండో సంఘం వెలిసింది. కార్యదర్శి జంబుకరావు, శిక్షకుడు జంబుకరావు, పరీక్షాధికారి కూడా జంబుకరావే. పంచాయతీ పెద్ద ఎలుగుబంటి గౌరవాధ్యక్షుడు. తేనెపట్టు ముందు పెట్టి అడిగితే ఆయన దేనికైనా గౌరవాధ్యక్షుడే.

బెల్టు లేనివాళ్ళు అడవిలో తన్నకూడదని మొదటి తీర్మానం. తూర్పు కనుమ కాపలా ఉద్యోగం క్రీడాకారుల కోటాలో బ్లాక్ బెల్టు ఉన్నవాళ్ళకే ఇవ్వాలని రెండో తీర్మానం.

ఆ రెండోది విని సింగారి గుండె గుభేలుమంది.

సింగారి గాడిద. ఇటుకల బట్టీ నుంచి తాడు తెంపుకుని పారిపోయి వచ్చి, ఆ కనుమ పక్కనే బతుకుతోంది. కనుమకు అవతల రేచుకుక్కలున్నాయి. మధ్యలో ఉన్నదల్లా ఒక చెక్క గేటు. కిందటి వేసవిలో కాపలా ఉన్న ముసలి అడవిపంది కునుకు తీసిన పూట కుక్కలు లోపలికి దూరి, సింగారి తొలిచూలు కూనను ఈడ్చుకుపోయాయి. ఇప్పుడు దానికి మళ్ళీ ఒక కూన పుట్టింది. ముసలి పంది పోయింది. ఈసారి ఆ గేటు దగ్గర తనే నిలబడాలన్నది సింగారికున్న ఒకే ఒక్క కోరిక.

సరే, పరీక్షకు వెళ్ళింది.

"ముందు ప్రత్యర్థికి వంగి నమస్కారం పెట్టాలమ్మా" అన్నాడు జంబుకరావు.

"ప్రత్యర్థి ఎవరండీ?"

"రేచుకుక్క అనుకో."

"రేచుకుక్కకు నేను నమస్కారం పెట్టాలా?"

"క్రీడాస్ఫూర్తి అంటారు దాన్ని. నీకు తెలీదులే."

సింగారి పళ్ళు బిగబట్టి తల వంచింది. తర్వాత చెక్కపలక ముందు వెనక్కి తిరిగి, రెండు కాళ్ళూ ఎత్తి ఒక్క తన్ను తన్నింది. పలక మూడు ముక్కలైంది. ఒక ముక్క గౌరవాధ్యక్షుడి తేనెపట్టు మీద పడింది.

చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. జంబుకరావు మాత్రం పెదవి విరిచాడు.

"వెనక్కి తన్నడం ఎర్ర బెల్టు పాఠం. నువ్వింకా తెల్ల బెల్టు కూడా కాదు. చెప్పని పాఠం ముందే వచ్చేస్తే ఇక సంఘం ఎందుకమ్మా? ఫెయిల్."

తర్వాతి అభ్యర్థి చుట్టయ్య. చుట్టయ్య కొండచిలువ. వాళ్ళ నాన్న పంచాయతీ సభ్యుడు. ఆ పెద్దాయన సమావేశాల్లో ఎప్పుడూ మాట్లాడడు, ఊరికే ఆవులిస్తాడు. ఆ నోటి లోపలి వైశాల్యం చూశాక మిగతా సభ్యులకు అభ్యంతరాలు గుర్తుకు రావు.

"అయ్యా, తన్నడానికి ఈయనకు కాళ్ళేవీ?" అంది వెనకనుంచి ఒక కుందేలు.

"పాము కాళ్ళు పాముకెరుక!" అని కసిరాడు జంబుకరావు. "నీకు కనబడనంత మాత్రాన లేవంటావా? పెద్దలు ఊరికే అన్నారా ఆ మాట?"

కుందేలు నోరు మూసుకుంది. పెద్దల మాటకు ఎదురు చెబితే పెద్దాయన ఆవులిస్తాడని దానికి తెలుసు.

చుట్టయ్య ముందు కూడా ఒక పలక నిలబెట్టారు. అయితే ఆ పలకను జంబుకరావు ముందురోజే ఒక చెదల పుట్ట మీద పడుకోబెట్టి తెచ్చాడు. "కడుపునిండా తినండమ్మా, పైపొర మాత్రం వదిలేయండి" అని చెదలను బతిమాలాడు. చుట్టయ్య పలక దగ్గరకు పాకి, సంఘం నియమం ప్రకారం పెద్దగా అరవబోయి, తుమ్మాడు. పలక పొడిపొడిగా రాలింది.

చప్పట్లతో అడవి దద్దరిల్లింది. బెల్టు కట్టబోయేసరికి ఆయనకు నడుమెక్కడో ఎవరికీ అంతుపట్టలేదు. ఎందుకైనా మంచిదని మూడు చోట్ల కట్టారు. మూడు బెల్టులున్నాయి కాబట్టి జంబుకరావు పట్టా మీద 'థర్డ్ డాన్' అని, అంటే బ్లాక్ బెల్టులో మూడో మెట్టని, రాశాడు. కనుమ కాపలా ఉద్యోగం ఆ సాయంత్రమే ఖాయమైంది.

సింగారి కూనను పొట్టకు ఆనించుకుని ఏడ్చింది. ఏం లాభం? పట్టా ముందు పలక ముక్కలకు విలువేముంది!

పరీక్ష అయిపోయిందిగానీ చెదల ఆకలి తీరలేదు. అంత రుచైన కలప చూపించి పొమ్మంటే అవెందుకు పోతాయి? సంఘం పలకలన్నీ తినేసి, మెల్లగా కనుమ గేటెక్కాయి. గేటు కింద పొడి రాలడం సింగారి చూసింది. పరుగున సంఘం ఆఫీసుకు వెళ్ళింది.

"కార్యదర్శిగారూ, గేటుకు చెదలు పట్టింది. లోపలంతా గుల్లైపోయింది. చేతులెత్తి దండం పెడతాను, ఒక్కసారి వచ్చి చూడండి."

"నీకు బెల్టుందా?"

"లేదండి."

"మరి సాంకేతిక విషయాలు నీకెందుకు? థర్డ్ డాన్ ఉన్నాయన అక్కడే ఉన్నాడుగా!"

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం రేచుకుక్కలు వచ్చాయి. ఏడు. ముందున్నది గేటుకు ఒళ్ళు రుద్దుకుందంతే, గేటు కుప్పకూలింది. కుక్కలే కాసేపు బిత్తరపోయాయి.

గేటు దగ్గర చుట్టయ్య సన్మాన భోజనం అరగక పడుకుని ఉన్నాడు. కుక్కల్ని చూసి, మర్యాద తప్పకుండా తల వంచి నమస్కారం పెట్టాడు. తిరిగి నమస్కారం వస్తుందేమోనని తల ఎత్తకుండా అలాగే ఉన్నాడు. ఏడు కుక్కలూ ఒకదాని వెనక ఒకటి ఆయన్ను దాటుకుని లోపలికి వెళ్ళాయి. జంబుకరావు బండరాయి ఎక్కి "ఫౌల్! ఫౌల్!" అని అరిచాడు.

కుక్కలు తిన్నగా సింగారి కూన మీదికి వచ్చాయి.

సింగారి ఏ బెల్టు పాఠమో ఆలోచించలేదు. కూనను ముందుకు నెట్టి, వెనక్కి తిరిగింది. మొదటి తన్నుకు ముందు కుక్క దవడ పగిలింది. రెండో తన్నుకు ఇంకొకటి ముళ్ళపొదలో పడింది. మూడో తన్ను తినడానికి ఎవరూ మిగల్లేదు, మిగతా ఐదూ వచ్చిన దారినే లగెత్తాయి. ఆ తర్వాతే సింగారి ఇటు తిరిగింది. కూనను తల నుంచి తోక దాకా నాకి, అన్నీ ఉన్నాయని చూసుకుని, మళ్ళీ నాకింది.

మర్నాడు పంచాయతీ కూర్చుంది. శత్రువు ఎదుట కూడా క్రీడాస్ఫూర్తి వదలనందుకు చుట్టయ్యకు ముందుగా దండ వేశారు. తర్వాత జంబుకరావు నేరాల పట్టీ విప్పాడు.

"ముద్దాయి సింగారి బెల్టు లేకుండా తన్నింది. నమస్కారం పెట్టకుండా తన్నింది. రెండో కుక్కను నడుము కింద తన్నింది. ఏడాదిపాటు వెనక కాళ్ళకు బంధం వేయాలని సంఘం కోరుతోంది."

"తన్నకపోతే నా బిడ్డ ఉండేది కాదయ్యా!" అంది సింగారి.

"అది అప్పీలులో చెప్పుకో తల్లీ" అన్నాడు ఎలుగుబంటి.

పెద్దాయన ఆవులించాడు. తీర్మానం నెగ్గింది.

"బంధం వేయండి" అన్నాడు ఎలుగుబంటి. ఎవరూ కదల్లేదు. "ఎవరు వేస్తారు?" అన్నాడు మళ్ళీ. అందరూ చుట్టయ్య వైపు చూశారు. థర్డ్ డాన్ కదా! చుట్టయ్య తాడు నోట కరుచుకుని రెండు బారలు పాకాడు. సింగారి పంచాయతీకి వీపు తిప్పి నిలబడింది. కుడి గిట్టతో నేలను ఒకసారి గీరింది.

చుట్టయ్య తల వంచి నమస్కారం పెట్టి, అదే నమస్కారంతో వెనక్కి పాకి, వాళ్ళ నాన్న చాటుకు చేరాడు. పెద్దాయన ఆవులింత సగంలో ఆగిపోయింది. ఎలుగుబంటి తన కుర్చీకీ ఆ గిట్టలకూ మధ్య దూరం కళ్ళతో కొలుచుకున్నాడు. అది ఏమంత దూరం కాదు.

"జంబుకరావ్" అన్నాడు మెల్లగా, "ఈ అమ్మాయికి కిందటి నెల తేదీతో బెల్టు ఇచ్చామేమో చూడు."

జంబుకరావు చూశాడు. ఇచ్చినట్టే ఉంది. నలుపే. కనుమ ఉద్యోగం కూడా నిన్నటినుంచే ఉన్నట్టు తేలింది. చుట్టయ్యకు ప్రధాన శిక్షకుడిగా పదోన్నతి దొరికింది. సాయంత్రానికల్లా 'మా సంఘం తీర్చిదిద్దిన ఆణిముత్యం సింగారి' అని చెట్టుకో ఫ్లెక్సీ వెలిసింది. ప్రతి దాని మీదా జంబుకరావు ముఖం పెద్దది, సింగారి గిట్ట చిన్నది.

సింగారి ఫ్లెక్సీలు చూడలేదు. కొత్త గేటుకు ఆనుకుని నిలబడి, చాలా రోజుల తర్వాత నిలుచునే కునుకు తీసింది. నారతో పేని బొగ్గుపొడి అద్దిన ఆ బెల్టును కూన రెండు రోజులు నమిలి మింగేసింది.

నీతి: తన్నడం వచ్చినంత మాత్రాన బెల్టు రాదు, ఇచ్చేవాళ్ళు తన్నుకు అందేంత దూరంలో ఉన్నప్పుడే వస్తుంది.